పదకొండు తలలు

ఏడో తల మీద నూనె పోసి అరచేత్తో అద్దుతుండగా, కోడంబాక్కం స్టేషన్లో తాంబరం పోయే కరెంటు బండి కూత పెట్టింది. ఆరున్నర. ఇంకా నాలుగు తలలున్నాయి. యతిరాజులు గిన్నెలో వేళ్ళు ముంచి, ఎనిమిదోవాడి మెడ పట్టుకుని ముందుకు వంచాడు.

"ఐవారూ, నాకు నూనె చాల్లేదు," అన్నాడు ఆ ఎనిమిదోవాడు, ఆనందన్.

"చాలదు గదరా. లోపల సరుకు లేని తలకాయ ఇట్నే, ఎంత పోసినా తాగేస్తాది."

బావిగట్టు మీద గోచీలతో గొంతుక్కూచున్న పిల్లలందరూ ఇకిలించారు. నువ్వుల నూనె మొహాల మీదికి కారుతోంది. పక్కన అండాలో నీళ్ళు కాగుతున్నాయి. పొయ్యిలో తడికొబ్బరి మట్టలు చిటపటమంటున్నాయి.

ప్రతి శనివారం తలంటు. దాదాపు ముప్పై ఏళ్ళుగా తప్పలేదు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. తెలుగు పంతులు పని తెలుగు చెప్పడం. రాత్రిపూట, బడిలోనే ఉండే చిన్నపిల్లల హాలుకు కాపలా పడుకోవడం, పెళ్ళాం లేని మనిషి గనక, ఆయన మీద పెట్టిన పని. తలంటడం మాత్రం ఎవరూ పెట్టనిది. ఎవరూ పెట్టని పనినే మనిషి ప్రాణం పెట్టి చేస్తాడేమో. దానికి మెచ్చినవాళ్ళూ లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

మనిషి పొడుగు. పలకల మీదికి వంగి వంగి భుజాలు రెండూ ముందుకొచ్చేశాయి. చంక కింద మాసిక వేసిన బనీను, మోకాళ్ళ పైకి దోపిన పంచె, పగుళ్ళు పడ్డ మడమలు. గోళ్ళ సందుల్లో సుద్ద ఎంత కడిగినా పోదు. చెవులకు దారంతో కట్టిన కళ్ళద్దాలు సీసా అడుగంత మందం. ఇప్పుడవి ఎందుకూ పనికిరావు. అలవాటు కొద్దీ పెట్టుకుంటాడు. పెట్టుకోకపోతే ఎందుకు పెట్టుకోలేదని ఎవరైనా అడుగుతారు.

కళ్ళకు నీటికాసులు. రెండేళ్ళ కిందట ఎగ్మూరు ఆసుపత్రిలో చూసిన డాక్టరు, పోయింది తిరిగిరాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని అన్నాడు. అబద్ధం చెప్పకుండా చెప్పాడని యతిరాజులు ఆయనకు దండం పెట్టి వచ్చాడు. మొదట పక్కలు చీకటయ్యాయి. తర్వాత వెదురుగొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఇంత గుండ్రం మిగిలింది. ఇప్పుడా గుండ్రంలో అచ్చ తెల్లనివి మాత్రమే తోస్తాయి, మిగిలిందంతా పొగ.

కాని తలలు తెలుసు. రెండు సుడులున్నది ఆనందన్‌ది. వెనక చదునుగా ఉన్నది పళనిది. నడినెత్తిన మామిడిచెట్టు మీంచి పడ్డ గాటు మాదయ్యది. పదకొండు తలలూ పదకొండు పేర్లు. చేయి పెడితే చాలు.

ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదనే ఆయన నమ్మకం. తెలిస్తే ఒక్క పూట ఉంచరు. ఉంచకపోతే ఎక్కడికి? పొన్నేరి దగ్గరి సొంత ఊళ్ళో ఇల్లు లేదు. భార్య కనకవల్లి ఇక్కడ చేరిన రెండో ఏడే పురిట్లో బిడ్డతో సహా పోయింది. అప్పుడు అద్దె గది ఖాళీ చేసి, హాలు చివర బీరువాలు పెట్టుకునే గదిలోకి మారాడు. బీరువాలు బయటికెళ్ళాయి, ఆయన లోపలికెళ్ళాడు. ఇక మిగిలింది చెల్లెలు పంకజం కొడుకు గోవిందస్వామి. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పని, ఒకే గది, ఆరుగురు మనుషులు. పోయిన పొంగలికి వెళ్తే వాడు మొహమాటం లేకుండానే అన్నాడు. "మామా, రావద్దని నేను అనను. వస్తే ఎక్కడ పడుకుంటావో నువ్వే చూపించు, అక్కడ చాప వేస్తా." ఈయన నిజంగానే చుట్టూ చేత్తో తడిమి చూశాడు. చోటు లేదు.

పదకొండోవాడికి నీళ్ళు పోసి, తుండుతో తల తుడిచి, వీపు మీద చరిచాడు. "పోరా, గంజి తాగు."

గట్టు దిగేటప్పుడు కాలి కింద అంచు తెల్లగా కనిపించింది. బావిగట్టు చుట్టూ, వసారా అంచున, మేడమెట్లకు ఒక్కొక్క దానికీ నాలుగు వేళ్ళ వెడల్పున సున్నం. కొన్ని నెలలుగా అట్లా ఉంటోంది. పిల్లల సడుగుడు ఆటకు గీతలు గీసే సున్నం మిగిలితే వంటవాడు కన్నియప్పన్ పూస్తున్నాడని అనుకున్నాడు. ఎవడు పూసినా వాడి కడుపు చల్లగా ఉండాలనుకున్నాడు. ఎందుకు పూస్తున్నాడని మాత్రం అడగలేదు. దొరికిన అదృష్టాన్ని ఎవరూ నిలదీసి అడగరు.

శనివారం ఒక పూట బడి. ఎనిమిదింటికి మూడో తరగతిలోకి వెళ్ళాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. ఈ ఏడు పుస్తకం మారింది. పాత పుస్తకమైతే ఆయనకు అట్ట నుంచి అట్ట దాకా నోటికి వచ్చు. కొత్తదాని మొహం ఆయన ఎరగడు.

"ఐవారూ, ఇయ్యాళ పద్దెనిమిదో పేజీ. ఏనుగు పాఠం," అన్నాడు మాదయ్య, అడక్కముందే.

"తెలుసులేరా. నువ్వే చదువు, గట్టిగా. నేను వింటూ తప్పులు పడతా."

ఇది తన యుక్తి అని యతిరాజులు అనుకునేవాడు. మాదయ్య ఒక వాక్యం చదివితే చాలు, ఆ ఏనుగును ఆయన పట్టుకునేవాడు. దాని చెవులు, దాని మడతల మెడ, బురద కనిపిస్తే ఎంత పెద్దదైనా పసిబిడ్డ అయిపోవడం, అన్నీ చేతులతో చేసి చూపేవాడు. పుస్తకంలో ఏనుగు ఆరు వాక్యాలు. తరగతిలో గంట నడిచేది. ఆయన దగ్గర చదివినవాళ్ళు వందల మంది. అందులో సగం మంది నాలుగో తరగతి దాటకుండా లేతు యంత్రాల దగ్గరకో, మగ్గాల దగ్గరకో, మూటల దగ్గరకో పోయారు. పైకొచ్చినవాళ్ళు ఇటు చూడలేదు, పైకిరానివాళ్ళకు మొహం చెల్లలేదు. ఎవరూ రాలేదు. ఆ లెక్కన అందరూ ఒకటే.

పదకొండింటికి గంట కొట్టారు. ఆయన వసారాలోకి వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాడు. అప్పుడు వినిపించింది హెడ్మాస్టరు కామేశం గొంతు, మెట్ల దగ్గర.

కామేశానిది కాకినాడ వైపు. యతిరాజులు కన్నా పన్నెండేళ్ళ తర్వాత చేరి హెడ్మాస్టరయ్యాడు. చెడ్డవాడు కాదు. భయస్థుడు. ఆంధ్రరాష్ట్రం వేరుపడి రెండేళ్ళయింది. అటువైపు పిల్లలు రావడం మానేశారు. బడి ఉంచాలా ఎత్తెయ్యాలా అని కమిటీ ఆలోచిస్తోంది. రేపు ఆదివారం కమిటీ ప్రెసిడెంటు చూడ్డానికి వస్తున్నాడు.

"ఏవిట్రా ఈ మెట్లూ? బడా, ముగ్గుల పోటీయా? ఎవడ్రా ఈ సున్నం పూసిందీ?"

బహుమానం ఇస్తారనుకున్నవాడిలా, ఆనందన్ గొంతు.

"మేమే సార్! అందరమూ!"

"ఎందుకూ?"

"ఐవారికి మెట్టు అగపడాల గదా సార్. తెల్లంగా ఉంటే అగపడతాది. శనారం శనారం మళ్ళీ పూస్తాము. బావిగట్టు నాది సార్. నేనొక్కణ్ణే పూస్తా."

"ఒరే!" అని మాదయ్య వాణ్ణి గిల్లాడు. వాడు "అమ్మా!" అని అరిచాడు. గిల్లడం ఆలస్యమైపోయింది.

స్తంభం చల్లగా ఉంది. యతిరాజులు దాన్ని వదల్లేదు. పద్దెనిమిదో పేజీ. ఎదురొచ్చిన ప్రతివాడూ 'ఐవారూ, పళనిని', 'ఐవారూ, అమ్మాసిని' అని పేరు చెప్పుకోవడం. మర్యాద నేర్చుకుంటున్నారని మురిసిపోయాడు. భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసు ఎప్పుడూ సరిగ్గా చేతికే తగలడం. తానొక్కడే దాస్తున్నాననుకున్నాడు. పదకొండు మంది పిల్లలు ఆయన్ను దాస్తున్నారు.

కామేశం వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఒకసారి ఆఫీసుకి రండి," అన్నాడు.

ఆఫీసు గదిలో బల్ల మీద కాగితం చప్పుడయింది. కామేశం పేపరు ముందుకు జరిపాడు.

"యతిరాజులు గారూ, ఏవీ అనుకోకండి. పైన తేదీ చదవండి. అదొక్కటీ చాలు."

యతిరాజులు పేపరు చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. అంత అవమానంలోనూ ఒక చిన్న ఆశ. తేదీ ఆయనకు తెలుసు. గొంతు తగ్గకుండా చెప్పాడు. "జులై పదహారు. శనివారం."

కామేశం పేపరు ఆయన చేతిలోంచి తీసుకుని మడిచాడు.

"అది నిన్నటి పేపరండీ," అన్నాడు.

బయట ఎవరో బిందె దించిన చప్పుడు.

"నాకు మాత్రం ఇష్టవా చెప్పండి. రేపు రాత్రిపూట ఏ పిల్లాడో నూతిలో పడ్డాడనుకోండి. హాలు కాపలా మీరు. ఎవడు జవాబు చెప్పాలి?"

"పిల్లోళ్ళు నన్ను పడనీలేదు సార్," అన్నాడు యతిరాజులు. "వాళ్ళు పడితే నాకు అగపడదు. అది నిజమే. మీరన్నది న్యాయమే."

"కమిటీ దాకా వెళ్తే అన్నీ అడుగుతారు. మీ అంతట మీరే మానేసినట్టయితే గౌరవంగా ఉంటుంది."

కామేశమే రాశాడు. ఆరోగ్యం బాగులేనందువల్ల అని రెండు పంక్తులు. సంతకం దగ్గర ఈయన చూపుడువేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో వందల మంది పసివాళ్ళ వేలు పట్టుకుని అక్షరం దిద్దించిన చేయి అది. ఇప్పుడు ఇంకొకడు దాని వేలు పట్టుకున్నాడు.

"ఈ నెలాఖరు దాకా ఉండండి."

"వద్దు సార్. ఇయ్యాళే పోతా. పిల్లోళ్ళు మూడింటికి ఆటకు పోతారు గదా. అప్పుడు పోతా." గడప దగ్గర ఆగి అన్నాడు. "ఆ చిన్నోణ్ణి ఏమీ అనొద్దు సార్. వాడు మంచి చేసినాననుకుంటా ఉండాడు."

"నేనేం అంటానండీ," అన్నాడు కామేశం.

హాలు చివరి గదిలో సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. రేకుపెట్టె, రెండు పంచెలు, దుప్పటి, కనకవల్లి కుంకుమభరిణ. వంటవాడు కన్నియప్పన్ అన్నం పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు. వాడు అరవంలో తిట్టి తెలుగులో బాధపడే మనిషి.

"తిను సామీ. తిన్నాక పోదువు. తిరువొత్తియూరులో నీకు నా సాంబారు పోసేది ఎవరు?"

"అక్కడికి పోయేది అందుకే. నీ సాంబారు తప్పుతాది."

కన్నియప్పన్ నవ్వలేదు. యతిరాజులు ముద్ద కలిపి వదిలేశాడు.

"నీకు గూడా తెలుసునా?"

"ఏంది, కళ్ళ సంగతా? గేటు కాడ కుక్కకు గూడా తెలుసు సామీ. నువ్వు వస్తా ఉంటే లేచి పక్కకు పోతాది."

"ఎప్పటినుంచిరా?"

"పోయిన కార్తిగెలో, వానకు, మేడమెట్ల మీద పడితివే. ఆనాడు రాతిరి పదకొండు మందీ నా వంటింట్లో కూచుని కూటం పెట్టినారు. ఎవురికీ చెప్పగూడదని నా చేత గూడా పొయ్యి మీద ఒట్టు పెట్టించినారు, పిశాచాలు. ఆ ఆనందన్ పయ్యకే నోరు ఆగదని నేను ఆనాడే చెప్తి."

యతిరాజులు చేయి కడుక్కున్నాడు. చాలాసేపు తుండుతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

"కన్నియప్పా, తరగతిలో నా బల్ల మీద పెన్నూ ఇంకు బుడ్డీ ఉంటాది. పెద్ద కాగితం ఒకటి. తెచ్చిపెట్టి పో. గంట సేపు ఎవురూ రావొద్దు."

కన్నియప్పన్ తెచ్చి పెట్టాడు. వాడికి చదువు రాదు. పెట్టి తలుపు దగ్గరికి వేసి వంటింట్లోకి పోయాడు.

యతిరాజులు రేకుపెట్టెను ఒళ్ళోకి తీసుకుని, దాని మీద కాగితం పరిచి, ఎడమచేతి బొటనవేలిని పంక్తికి గురుతుగా పెట్టుకున్నాడు. బుడ్డిలో పాళీ ముంచాడు. ఎవరికి రాయాలో తెలియలేదు. రేపట్నుంచి హాల్లో పడుకునేది ఎవరో తెలియదు. అందుకని 'హాలు చూసుకునే అయ్యకు నమస్కారం' అని మొదలుపెట్టాడు.

ఆరోగ్యసామికి ఎడమ చెవిలో పుండు ఉంది, తలంటేటప్పుడు దూది పెట్టాలి, నీళ్ళు పోరాదు, వాడు నొప్పి అని చెప్పడు. పళని పక్క తడుపుతాడు, తెల్లారుజామున నాలుగింటికి లేపితే తడపడు, కాని వాడి పేరు పెట్టి పిలవకుండా భుజం తట్టి లేపాలి, పక్కవాళ్ళకు తెలియకూడదు. అమ్మాసి రెండోసారి అన్నం అడగడు, అడగకుండానే పెట్టాలి. మాదయ్యకు తల్లి లేదు, ఉందని అందరికీ చెప్పుకుంటాడు, ఉండనివ్వాలి. ఆనందన్ వాగుతాడు, కొట్టకూడదు.

పదకొండు మందీ అయ్యేదాకా రాశాడు. పాళీ మెత్తగా సాగింది. పెదాలు కదులుతున్నాయి. పంక్తి చివరికొచ్చినప్పుడల్లా బొటనవేలు ఒక అంగుళం కిందికి దించుతున్నాడు. ఒకచోట చాలాసేపు ఆగిపోయాడు. మళ్ళీ రాశాడు. కాగితం ఆరేదాకా మోకాలి మీద పట్టుకుని కూర్చుని, తర్వాత నాలుగు మడతలు పెట్టాడు.

మూడింటికి మైదానంలోంచి సడుగుడు కూత మొదలైంది. కూత పెడుతున్నది మాదయ్య. వాడి ఊపిరి ఎంతవరకు పోతుందో ఆయనకు తెలుసు. అది ఆగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత కన్నియప్పన్ పెట్టె తలకెత్తుకుని, ఇంకో చేత్తో ఆయన మోచేయి పట్టుకున్నాడు. వెనక గేటు గుండా వెళ్ళారు. అటు మెట్లు లేవు. సున్నమూ లేదు.

"దీన్ని హెడ్మాస్టరు చేతికియ్యి," అని స్టేషన్లో మడత కాగితం ఇచ్చాడు. "కొత్త అయ్యకు శనివారం లోపల చదివి వినిపించమని చెప్పు. మర్చిపోవద్దు. శనివారం లోపల."

"పోయి కార్డు రాయి సామీ," అన్నాడు కన్నియప్పన్. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

బండి వచ్చింది. ఎవరో జరిగి కిటికీ పక్కన చోటిచ్చారు. కిటికీ పక్కన కూర్చుని యతిరాజులు మనుషులందరూ చూసినట్టే బయటికి చూశాడు.

పిల్లలకు ఆట నుంచి వచ్చాక తెలిసింది. ఎవరూ ఏడవలేదట. ఆనందన్ మాత్రం ఆ సాయంత్రం కన్నియప్పన్‌ని ఒకే మాట నాలుగుసార్లు అడిగాడు. "నేను చెప్పినందుకా?" కన్నియప్పన్ నాలుగుసార్లూ కాదన్నాడు. వాడు ఆ తర్వాత మాట్లాడటం తగ్గించాడు. బడిలో అందరూ మంచి మార్పే అన్నారు.

కామేశం దీపం పెట్టే వేళకు కాగితం విప్పాడు. ఒకవైపు ఏమీ లేదు. తిప్పాడు. రెండోవైపూ ఏమీ లేదు. కన్నియప్పన్‌ని పిలిచి, ముసలాయన పొరపాటున వేరే కాగితం ఇచ్చాడేమో అన్నాడు.

"లేదు సార్. గంట సేపు రాసినాడు. తలుపు సందులో చూస్తి. నేనే తెచ్చిపెడితి, పెన్నూ బుడ్డీ."

కామేశం లేచి ఆ బుడ్డి తెప్పించుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు. అందులో ఉన్నది నీళ్ళు. ప్రతి శనివారం బడి అవగానే పిల్లలు ఇంకుబుడ్లన్నీ కడిగి మంచినీళ్ళు నింపి పెడతారు. సోమవారం పొద్దున ఒక్కొక్క దాంట్లో ఇంకు మాత్ర వేసి కరిగిస్తారు. పాచిన ఇంకుతో రాస్తే అక్షరం పాచిపోతుందని ఆ ఏర్పాటు పెట్టింది యతిరాజులే. అందరి బుడ్లతో పాటు, మర్చిపోకుండా, ఆయన బుడ్డి కూడా కడిగారు.

ఏం రాశారో అడుగుతూ తిరువొత్తియూరుకు ఒక కార్డు రాయాలని కామేశం అనుకున్నాడు. ఆదివారం ప్రెసిడెంటు వచ్చాడు. సోమవారం ఇంకో పని. శనివారం నాడు డ్రిల్లు మేష్టరు పదకొండు మందినీ వరసగా కూర్చోబెట్టి బొక్కెనలతో నీళ్ళు కుమ్మరించి పావుగంటలో పని కానిచ్చాడు. ఆరోగ్యసామి నొప్పి అని చెప్పలేదు. పది రోజులకు చెవి వాచి ఒళ్ళు కాలిపోతుంటే వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. వాడు మళ్ళీ రాలేదు. పళనిని పక్కబట్టలతో మైదానంలో నిలబెట్టారు.

అక్టోబరు వానల్లో గోవిందస్వామి దగ్గర నుంచే కార్డు వచ్చింది. మామకు జ్వరం తగిలిందని, మూడు రోజులే ఉన్నాడని, ఆఖర్న ఎవరెవరివో పేర్లు పలికాడని, వాళ్ళెవరో తమకు తెలియదని రాశాడు. కామేశం ఆ కార్డు ప్రార్థనలో చదివించి, ఒక పూట సెలవిచ్చాడు.

ఆ కాగితాన్ని మాత్రం ఆయన పారెయ్యలేకపోయాడు. బల్ల సొరుగులో రబ్బరు ముద్రల కింద ఉంటుంది, నాలుగు మడతల పెద్ద కాగితం, తెల్లగా, పై నుంచి కిందిదాకా నీళ్ళు తాకి ఆరిన చోటల్లా సన్నగా ముడుచుకుని, ఒక వరస కింద ఒక వరస, కొన్నిచోట్ల వరస మీదికి వరస ఎక్కి.